పిన్ని చంపించిన అమెరికా దొర

పుస్తకాలు చదివినవాళ్ళకే లోకం అర్థమవుతుందని గట్టిగా నమ్మే వయసు అది. కాకినాడలో ఇంగ్లీషు ఎమ్మే చేసి, బహ్రెయిన్ వచ్చి, సనాబిస్‌లో ఒక బట్టల షాపు కౌంటరు దగ్గర నిలబడ్డాను. అక్కడే హూరా అనే పేటలో ముగ్గురు ఆడవాళ్ళం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇళ్ళలో వంటచేసే పెద్దావిడని పిన్ని అనేవాళ్ళం. రెండో ఆమె చిట్టి, ఒకరింట్లో పిల్లల్ని చూసుకునేది, మాట తక్కువ మనిషి. శుక్రవారం సెలవు. పిన్ని చేపల పులుసు వండుతుంటే, ఉల్లిపాయలు తరిగే పని తప్పించుకోవడానికి నేను కథలు చెప్పేదాన్ని.

ఒక శుక్రవారం అమెరికా భయానక నవల ఎత్తుకున్నాను. పాడుబడ్డ బంగళా, అందులో ఒక దొర. ఊరందరికీ నీతులు చెబుతాడు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు, తర్వాత భార్యని పైగదిలో పెట్టి కొడతాడు. తను చేసేది పాపమని వాడు అనుకోడని, ఆవిణ్ణి బాగుచేస్తున్నాననుకుంటాడని, అసలు భయం అక్కడే ఉందని (పరీక్షలో రాసిన జవాబే) వివరించాను. పిన్నికి అదంతా అక్కర్లేదు. చివరికి వాడేమయ్యాడని అడిగింది. పెద్దమనిషిగానే పోయాడు, ఊరంతా ఏడ్చిందన్నాను. వాణ్ణి చంపితేగానీ నాకు పులుసు లేదంది. రచయిత చంపలేదని కాసేపు వాదించాను గానీ, పులుసు వాసన ముందు సాహిత్యం ఎంతసేపు నిలబడుతుంది? బంగళా కప్పు కూల్చి వాడి నెత్తిన పడేశాను.

అప్పుడు చిట్టి నోరు విప్పింది. "కొట్టేక ఏడుత్తాడా అక్కా?"

ఏడుస్తాడు, కాళ్ళు పట్టుకుంటాడు అన్నాను. ప్రతిసారీనా అంది. ప్రతిసారీ అన్నాను. చిట్టి భర్త అప్పట్లో ఊరి నుంచి రోజూ ఫోన్ చేసి, వచ్చెయ్యమని ఏడ్చేవాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయి, పని మానేసి వెళ్ళమని ఆమెను ఒప్పించింది మేమే.

"మా ఆయనా పూజ చేసుకుని లేచేవోడే," అంది చిట్టి మెల్లిగా. "కొట్టి కొట్టి చెయ్యి నొప్పెడితే నాచేతే మందు రాయించుకునేవోడు."

పిన్ని ఎవరికీ ఇవ్వని చేప తలకాయ తీసి చిట్టి కంచంలో వేసింది. "నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదే. తిను," అంది.

చిట్టి మర్నాడే పనిచేసే ఇంట్లో మానడం లేదని చెప్పి, మాతోనే ఉండిపోయింది. ఆ తర్వాత భర్త ఫోను పిన్నే ఎత్తేది. చిట్టి పనిలో ఉందని చెప్పి, ఆ రోజు తానేం వండిందో పోపు దగ్గర్నుంచీ వివరించేది. కొన్నాళ్ళకి అతనే మానేశాడు.

ఇప్పుడు ఆ ఎమ్మే అమ్మాయిని తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. దుర్మార్గుణ్ణి వెతుక్కుంటూ అమెరికా దాకా వెళ్ళింది. పక్క మంచం మీద చిట్టి గోడవైపు తిరిగి ఎందుకు పడుకునేదో మాత్రం ఒక్కసారీ అడగలేదు.