ఎరుకమ్మ కడిగిన పొగడబ్బా

పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీలో ఎరుకమ్మ షెడ్డుకు బోర్డు లేదు. ఆమె తండ్రి నూకన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కొడుకులు లేరు. పడవ ఇంజను చూసుకునే పని చిన్నప్పుడే ఎరుకమ్మ మీద పడింది. నడిసముద్రంలో ఇంజను ఆగితే పిలవడానికి మెకానిక్ ఉండడు గనుక, చెవిపెట్టి విని జబ్బు కనిపెట్టడం అక్కడే నేర్చుకుంది. పెళ్ళయ్యాక పడవల నుంచి వ్యాన్లకు మారింది.

2006 వానాకాలంలో లక్ష్ముడు తన వ్యాను తెచ్చాడు. తుష్నాబాద్ నుంచి కూరగాయలమ్మే ఆడవాళ్ళను రోజూ పోర్ట్ బ్లెయిర్ బజారుకు చేర్చే బండి అది.

“చడాయి ఎక్కీకాడ బండికి దమ్ము నేదు దీదీ. సవారీలు దిగి గంపలెత్తుకొని నడుస్తన్నారు. ఎనకాల ఒకటే కుళ్ళిన గుడ్ల కంపు,” అన్నాడు.

పొగగొట్టం మధ్యలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. డ్రైవర్లు దాన్ని డబ్బా అంటారు. లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న రాయి ఉంటుంది. పొగలోని విషాన్ని తగ్గించేది అదే. ఎరుకమ్మ దాని ముందున్న జాయింటు వదులు చేసి బండి నడిపింది. పొగకు దారి దొరకగానే బండి ముందుకు దూకింది. అనుమానం నిజమైంది. కానీ కొత్త డబ్బా చెన్నై నుంచి జహాజులో రావాలి. ఆ గాలివానల్లో నెల పైనే పడుతుంది.

“కోసీసి పైపు వెల్డింగెట్టీ దీదీ. స్టాండులో అందరూ అదే సెప్తన్నారు.”

“నీ బండి అడుగంతా తుప్పు సిల్లులే. ఆ పొగ లోపలికే వస్తాది. తవిటమ్మ రోజూ సంటిపిల్లతో ఎక్కుతాది కదా. నాను కొయ్యను,” అంది ఎరుకమ్మ.

స్టాండులో చెప్పుకునే చిట్కా ఇంకొకటుంది: పెట్రోలులో పెయింటు థిన్నరు కలిపి తోలడం. అది చేసి చూసింది. రెండు రోజులకు బండి ఇంకా మందగించింది. లక్ష్ముడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“తప్పు నాదే లక్ష్ముడూ. ఎవులో సెప్పింది నమ్మీసి, అసలెందుకు మూసుకుపోనాదో సూడనేదు,” అంది. ఇరవై ఏళ్ళ పనిలో ఆ మాట అనడం ఆమెకు తేలిక కాలేదు. కానీ వానలో గంపలతో ఎక్కుడు ఎక్కుతున్న ఆడవాళ్ళే కళ్ళముందు మెదిలారు.

ఈసారి ఇంజను దగ్గర మొదలుపెట్టింది. ప్లగ్గులు విప్పితే మూడోది తడిగా ఉంది. దాని వైరు చిట్లిపోయి, కాలని పెట్రోలు తిన్నగా డబ్బాలోకి పోతోంది. వైరూ ప్లగ్గూ మార్చి, అప్పుడు డబ్బా విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. రాయి కరగలేదు, పగల్లేదు. మసి మధ్యలో అక్కడక్కడ వెలుగు చుక్కలు కనిపించాయి. ఆమెకు ఆశ కలిగింది.

పెద్ద డేకిసాలో వేడినీళ్ళు పోసి, బట్టల సబ్బుపొడి కలిపి డబ్బాను ముంచింది. సాయంత్రానికి నీళ్ళు కాటుకలా అయ్యాయి. వెనక మూతి నుంచి గొట్టంతో నీళ్ళు పెట్టి, తేటనీరు వచ్చేదాకా కడిగింది. తడితో బిగించకూడదు. చూస్తే ఎండ లేదు. చౌల్దారీ ఊళ్ళో తనకు తెలిసిన కామమ్మ ఇంట్లో పొయ్యి పైన కొబ్బరి ఆరబెట్టే అటక ఉంది. డబ్బాను అక్కడికి మోసుకెళ్ళి, రెండు రోజులు ఆ వేడిలో ఉంచింది.

బిగించిన మర్నాడు లక్ష్ముడు ముందు సీటు చూపించినా ఎరుకమ్మ అందులో కూర్చోలేదు. పొగ వాసన తెలియాలని వెనక గంపల మధ్య కూర్చుంది. ఎక్కుడు రాగానే తవిటమ్మ అలవాటుగా పిల్లను చంకనెత్తుకుని లేచింది.

“కూకో అప్పా,” అంది ఎరుకమ్మ.

లక్ష్ముడు రెండో గేరులోకి మార్చాడు. బండి ఆగకుండా పైకెక్కింది. కంపు లేదు. తవిటమ్మ ఎరుకమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

“మురిసిపోకు. ఇది కొన్నాళ్ళే. కొత్తది తెప్పించుకో,” అని ఎరుకమ్మ లక్ష్ముడికి చెప్పింది. నెల దాటాక జహాజులో వచ్చిన డబ్బాను తనే బిగించింది.

సబ్బునీళ్ళ కబురు స్టాండంతా పాకింది. డ్రైవర్లు డబ్బాలు పట్టుకుని వరస కట్టారు. చాలామంది బండ్లలో ఆమె ముందు ప్లగ్గులే చూసింది. గవరయ్య తెచ్చిన డబ్బాలో మాత్రం రాయి కరిగి ముద్దయింది.

“ఇది కడిగితే రాదు మామా. నిన్ను ఊరికే తిప్పను,” అని కడగకుండానే తిరిగి ఇచ్చేసింది. గవరయ్య ఆ రోజు గొణుక్కుంటూ వెళ్ళాడు. తర్వాత తనకున్న రెండో బండికి ఏ చిన్న చప్పుడు వచ్చినా ఎరుకమ్మ దగ్గరికే తెచ్చేవాడు.