మందపు అట్ట మీద అనుమానం

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి భోజనాల బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, రకానికొకటి చొప్పున ప్లాస్టిక్ తొడుగులు వరసగా పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కొచ్చి కూర్చుంటే, మా అశోక్‌నగర్ ఇంట్లో నాకు తెలియని నోమేదో మొదలైందనుకున్నాను. తీరా చూస్తే క్రికెట్ ఆటగాడి బొమ్మ ఉన్న ఒక అట్ట. ముప్పై దాటిన పిల్ల, ఆఫీసులో పదిమందికి పని చెప్పే పిల్ల, దాన్ని పసిగుడ్డును ఎత్తినట్టు ఎత్తుతోంది. అట్ట మధ్యలో కిటికీలా కోసి, ఆ ఆటగాడు మైదానంలో తొడుక్కున్న చొక్కా ముక్కను అందులో పొదిగారట, అందుకే అంత మందం. దీన్ని విదేశంలో గ్రేడింగ్ చేసేవాళ్లకు పంపితే, అసలుదో నకిలీదో తేల్చి, మూలలూ అంచులూ పరీక్షించి, ఒక అంకె వేసి, విప్పరాని డబ్బాలో బిగించి తిరిగి పంపుతారట.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. అసలు నాకు అనుమానం రాని రోజంటూ ఉంటే కదా. పాలప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూడనిదే కత్తెర పెట్టను, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో కాటా మీద వేలు ఎక్కడుందో చూడనిదే సంచి తెరవను. అట్లాంటి నాకు, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర ఫోనులో బేరమాడి కొన్న అట్టను, ముక్కూమొహం తెలియని ఇంకొకరికి పంపడం అంటే మింగుడుపడలేదు. ఆ చొక్కా ముక్క నారాయణగూడలో ఏ దర్జీ కత్తిరించి పారేసిందో అని మా అల్లుడు అప్పటికే నవ్వాడట. ఆఫీసులో స్నేహితులు కూడా మోసపోయావనే అన్నారట. పోయిన పరువు ఆ అంకెతో తిరిగి వస్తుందని పిల్ల ఆశ పెట్టుకుందని నాకు అర్థమైంది.

తొడుగు ఎంపిక దగ్గరే గంటసేపు పట్టింది. మరలు బిగించే గట్టి తొడుగు చూడటానికి దిట్టంగా ఉంది గానీ, పరీక్ష చేసేవాళ్లు దాన్ని ఒప్పుకోరట, సులువుగా తీయగలిగే వంగే తొడుగే కావాలట. మామూలు కార్డులకు పనికొచ్చే వంగే తొడుగులో ఈ మందం దూరదు, బలవంతంగా తోస్తే మూలలు నలుగుతాయి. మరీ వెడల్పుదైతే లోపల అట్ట గలగలలాడి అంచులు అరుగుతాయి. అసలు అట్టతో ప్రయోగాలు వద్దని నేనే బీరువాలోంచి పాత పెళ్లిపత్రిక తీసి, అదే కొలతకు కత్తిరించి, మడతలు వేసి మందం సరిచేసి, దాన్ని ఒక్కో తొడుగులో దూర్చి చూడమన్నాను. ఆ పని చూస్తూ చూస్తూ చెయ్యి ఊరుకోక, అసలు అట్ట అంచును గోటితో తడమబోయాను.

"అమ్మా, గట్ల గోకకు. మూల పోతే అంతా పోతది," అని చెయ్యి పట్టుకుంది.

ఆ గోటి అలవాటు నాకు చిక్కడపల్లి సందులో అబ్బింది. చూయింగ్ గమ్ పొట్లాలతో ఆటగాళ్ల బొమ్మలు వచ్చే రోజులవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. సెలవుల్లో మా మెట్ల మీద మార్పిడి జరిగేది. దొరకని ఆటగాడి బొమ్మను పేపర్లోంచి కత్తిరించి, మైదా జిగురుతో మామూలు బొమ్మ మీద అతికించి అంటగట్టే ఘనులు ఉండేవారు కాబట్టి, అట్ట మందంగా ఉందంటే చాలు, అందరికీ అనుమానమే. నకిలీతో దొరికినవాళ్లు ఆ సెలవులన్నీ మెట్లెక్కడానికి లేదు. తీర్పు చెప్పేది మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ. ముందుగదిలో మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూనే, అట్టను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, చెవి దగ్గర వంచి చెప్పేది. ఆమె మాటకు తిరుగు లేదు.

ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక పొడుగాటి పిలగాడికి, నా దగ్గరున్న బొమ్మలన్నీ ఇచ్చేసి, ఎవరికీ దొరకని బ్యాట్స్‌మన్ బొమ్మ ఒక్కటి తెచ్చుకున్నాను. అది మందంగా ఉంది. మా అన్నయ్యతో సహా అందరూ నన్ను చుట్టుముట్టి చిన్నమ్మ ముందు నిలబెట్టారు. చేతిలో ఇంకొక్క బొమ్మ లేదు, ఇది నకిలీదైతే మెట్లు కూడా పోతాయి, ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను. చిన్నమ్మ అట్టను నలిపింది, వాసన చూసింది, కళ్లద్దాల పైనుంచి నా వైపు చూసింది.

"అసలుదే. ఇగ పోయి ఆడుకోండ్రి," అంది.

ఆ వేసవంతా నేను మెట్ల మీద మహారాణిని. బొమ్మను ఎవరూ కొట్టేయకుండా నా కంపాస్ డబ్బాలో ఇరికించి దాచాను. వానాకాలం చెమ్మకు అది ఉబ్బి డబ్బాకు పట్టుకుపోయింది. గట్టిగా లాగితే పైపొర ఊడి చేతికొచ్చింది, కింద ఎవరో ఊరూపేరూ లేని బౌలర్ నవ్వుతున్నాడు. ఏడుస్తూ చిన్నమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"నాకు ఎరుకే బిడ్డా, మైదా వాసన గుప్పుమన్నది," అంది మిషను ఆపకుండా. "నేను అట్టను జూసి చెప్పలే, నీ మొఖం జూసి చెప్పిన."

ఆ మాటలోని ప్రేమ నాకు చాలా ఏళ్లకు గానీ తలకెక్కలేదు. అప్పటికి ఎక్కింది మాత్రం అనుమానమే. ఆ రోజు నుంచి ఎవరు మంచిమాట చెప్పినా, ఇది నా ముఖం చూసి చెప్తున్నారా అని లోపల పురుగు తొలిచేది. చదువులోనూ అంతే, ఉద్యోగంలోనూ అంతే, పెళ్లయ్యాక ఆయన కూర బాగుందన్నా అంతే.

చివరికి పెళ్లిపత్రిక ముక్క మధ్యరకం తొడుగులో ఒద్దికగా కూర్చుంది, లాగితే ఇబ్బంది లేకుండా వచ్చింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి అసలు అట్టకు పల్చటి కవరు తొడిగి, దాన్ని అందులోకి జార్చింది. మూలలు నలగలేదు. ఇక పెట్టెలో పెట్టి పంపడమే తరువాయి. అప్పుడు తలెత్తి, చిన్నపిల్లలా అడిగింది.

"నీకేమనిపిస్తుందే అమ్మా? అసలుదేనా?"

అసలుదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చొక్కా ముక్క అంచున దారం ఒకటి కొత్తగా మెరుస్తున్నట్టు అనిపించింది.

"ఏమో బిడ్డా, వాళ్లనే చెప్పనీ," అన్నాను.

సరేనని తల దించుకుని, అట్టను పెట్టెలో పెట్టి టేపు అంటించసాగింది. ఈ రోజుల్లో అన్నిటికీ పరీక్షలున్నాయి, భూతద్దాలున్నాయి, ఎవరి మాటా నమ్మనక్కర లేకుండా అంకె వేసి ఇచ్చేవాళ్లున్నారు. మా రోజుల్లో, లోకం ఎంత మోసం చేసినా, పిల్ల తల దించుకోకుండా ఒక్క మాట అనేసే మనిషి ఇంటికొకరు ఉండేవారు. ఇప్పుడు ఆ మనిషి వయసు నాది. అడిగినప్పుడు పిల్ల ముఖం నా ఎదురుగానే ఉంది. నేను అట్ట వైపే చూశాను.