పసుపు జెండా ఎగిరిన చుట్టిల్లు

మా వదిన తలుపులమ్మకి పారేసిన వస్తువు కనపడితే చాలు, కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కోరంగి వెళ్ళి, అమ్ముకుని, ఖాళీ తట్టతో తిరిగొచ్చేవారు. మా వదిన తట్ట మాత్రం వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడే బరువు. పగిలిన పింగాణీ పళ్ళాలు, చెవి ఊడిన గిన్నెలు, తుప్పు పట్టిన గొలుసు ముక్క. ఒకసారి ఏ దొరసాని పారేసిందో, ఒంటికాలి జోడు. అదెందుకే అని మా అమ్మ అప్పాయమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నెల తిరిగేసరికి ఆ జోడులోంచి బంతి మొక్క తల పైకెత్తింది.

"దొరసాని కాలు చిన్నదే గానీ పువ్వు పెద్దది పూసిందత్తా," అంది వదిన.

మాది మొగలిపాలెం. కోరంగి దాటాక, మడచెట్ల మధ్య నుంచి గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ముప్ఫై గడప. అన్నీ చుట్టిళ్ళే. గుండ్రటి మట్టిగోడ, దాని మీద నేలదాకా దిగిన తాటాకు కప్పు. గాలివాన వచ్చినా గాలి చుట్టూ తిరిగి పోతుంది, ఇల్లు నిలబడుతుంది. అందం సంగతి మాత్రం అడక్కండి. ఏటిలోంచి చూస్తే ముప్ఫై మంది ముసలమ్మలు ముసుగేసుకుని వరసగా కూర్చున్నట్టుండేది.

ఆ పోలికే మా అన్న సత్తియ్య కొంప ముంచింది. అతను ఓడల మీద పని చేసేవాడు. ఒక మంచు పొద్దున ఓడ దిగి, సంచీ భుజాన వేసుకుని, మా ఇంటికి మూడిళ్ళ ఇవతలే పాపాయత్త ఇంట్లో దూరి, చాప మీద చతికిలబడి, "ఏమే, చద్దన్నం పెట్టు," అన్నాడు. పాపాయత్త పెట్టేసింది కూడా. సగం తిన్నాక తలెత్తి చూస్తే ఎదురుగా పాపాయత్త మొగుడు!

ఈ సంగతి విని మా వదిన మొదలుపెట్టిన నవ్వు మధ్యాహ్నం దాకా ఆపలేదు. నేను మాత్రం ఊరుకున్నానా? కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. మా ఊరు సరిపోక పడవేసుకుని పక్క ఊరెళ్ళి కూడా చెప్పాను. పాపాయత్త మొగుడి మొహం ఎలా ఉందో పెట్టి చూపించాను కూడా.

మా అన్నకి ఒళ్ళు మండింది. "నవ్వుతావేంటే? రేవులోంచి చూత్తే మనిల్లేదో మందిల్లేదో తెలుత్తాదా? దీన్ని కూడా ఇల్లంటారా?"

"ఇంట్లో ఉండేవోళ్ళకి తెలుస్తానే ఉందండి," అంది వదిన. మొగుణ్ణి అండీ అందంటే ఆవిడకి కోపం వచ్చిందని లెక్క.

మర్నాడు నీళ్ళు సముద్రం వైపు తీయగానే మా అన్న రంగం వెళ్ళే ఓడ ఎక్కేశాడు. రంగూన్ని మావైపు రంగం అంటారు. వెళుతున్నానని అమ్మకి చెప్పాడు. నాకు చెప్పాడు. వదినకి చెప్పలేదు.

ఏటా మాఘమాసంలో, గాలి ఇటు తిరిగినప్పుడు, రంగం ఓడలు తిరిగొస్తాయి. ఆ మాఘంలో వచ్చిన ఓడలో మా అన్న లేడు. తరవాతి మాఘంలోనూ లేడు. అక్కడే బియ్యం మిల్లులో కుదిరాడని వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ మాట పట్టుకుని పాపాయత్త నిప్పు అడిగే వంకతో మా ఇంటికొచ్చింది.

"అక్కడ పనిలో కుదిరినోళ్ళకి పెళ్ళాలు కూడా కుదురుతారంటనే. మొహానికి గంధం పూసుకుంటారంట. మనలాగా చేపల కంపు కొట్టరంట."

మా అమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం పొయ్యిలోంచి కొరివి తీసి పాపాయత్త పిడక మీద పెట్టి, "నీ నిప్పు ఆరిపోతాదత్తా, బేగి ఎల్లు," అంది.

మర్నాడు పొద్దున్నే మట్టి తొక్కడం మొదలుపెట్టింది.

ముందు తాటాకు కప్పు అంచు మనిషెత్తు మేర కత్తిరించి, లోపల దాక్కున్న గోడని బయటికి తీసింది. ఊకా పేడా కలిపిన మట్టి మెత్తి, అది ఆరకముందే పింగాణీ పెంకులు ఒక్కొక్కటే గుచ్చింది. నీలం పెంకులు రేకులు, మధ్యలో తెల్ల పెంకు బొడ్డు. ఒక పువ్వు, దాని పక్కన ఇంకోటి, అలా గుమ్మానికి అటూ ఇటూ తోటే వేసేసింది. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసి గుమ్మం చుట్టూ పట్టీ దిద్దింది. పాత వల ముక్కకి గవ్వలు అల్లి తలుపుకి వేలాడదీసింది. గాలి వస్తే అవి ఊళ్ళో ఆడవాళ్ళలాగే గలగలలాడేవి.

ఆ ఏడు కోరంగి రేవులో ఒక ముసలి ఓడని విప్పదీస్తున్నారు. కలప వడ్రంగులు, ఇనుము కమ్మరులు పట్టుకుపోగా, ఎవరికీ అక్కర్లేని చెత్త ఒడ్డున కుప్ప పోశారు. వదిన కాపలావాడికి తట్టెడు ఎండు నెత్తళ్ళ చేపలు ఇచ్చి ఆ కుప్ప మీద పడింది. ఓడ గదికుండే గుండ్రటి అద్దం కిటికీ ఒకటి దొరికింది. ఓ మూల చిట్లి ఉంది. దాన్ని తెచ్చి గోడకి చిల్లు పొడిచి బిగించింది. మా ఊళ్ళో అద్దం ఉన్న మొదటి కిటికీ అదే. నేను మొహం నిండా సున్నం పూసుకుని బయటినుంచి దానికి ముక్కు ఆనించి నిలబడితే, మా అమ్మ లోపల గంజికుండ వదిలేసి కేక పెట్టింది. కుండ పగిలింది. వదిన ఆ పెంకులు కూడా ఏరి గోడకి గుచ్చింది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. వల మీదకంటే వేళాకోళం మీద ధ్యాస ఎక్కువ. ఓడల మీద రాసిన పేర్లు చూసి ఇసకలో గీసుకుంటూ నాలుగక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి, నాకు తెలియనిది లోకంలో లేదని నా నమ్మకం. కానీ ఈవిడ ఇదంతా ఎందుకు చేస్తోందో మాత్రం అంతు పట్టలేదు. అడిగితే చెప్పదు. ఏటి మీద వచ్చే ప్రతి పడవవాణ్ణీ మాత్రం ఒకటే అడిగేది: "రేవులోంచి మీకేం కనపడిందయ్యా?"

ఒకరోజు, "బుల్లియ్యా, పడవ తీయి," అంది.

"ఎక్కడికొదినా?"

"మొగదాకా."

"అట్నించి అటే రంగందాకా పోదామా ఏంటి?"

"నోరు ముయ్యి. తెడ్డెయ్యి."

మొగ దగ్గర పడవ తిప్పించింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరివైపు చాలాసేపు చూసింది.

"మనిల్లేదిరా?"

నేనూ చూశాను. అదే ముప్ఫై మంది ముసలమ్మలు. అంత దూరానికి పువ్వులూ లేవు, సున్నం పట్టీ లేదు, అద్దమూ లేదు. "అదిగో," అన్నాను. మళ్ళీ నేనే, "కాదు, అది పాపాయత్తది," అన్నాను.

వదిన నావైపు తిరిగి చూసింది. ఆ కళ్ళు చూశాకే నా మట్టిబుర్రకి వెలిగింది. ఈవిడ ఇన్నాళ్ళుగా మట్టి తొక్కుతున్నది ఊరి మెప్పుకి కాదు. మా అన్న వస్తే ఈసారి వెతుక్కోకుండా సొంత గుమ్మంలోకే రావాలి. వస్తేనే సుమా.

"ఎత్తు కావాలి," అంది తనలో తాను. "రంగు కావాలి."

మర్నాడే మళ్ళీ ఓడ చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళి గోనెసంచీ మోసుకొచ్చింది. సంచీ నిండా జెండాలు. ఎర్రవి, నీలంవి, గళ్ళవి, చారలవి.

"ఇయ్యేంట్రా?"

"ఓడకి పండగ బట్టలొదినా. దొరల రాణిగారి పండగనాడు కాకినాడలో చూసేను గదా, పెద్ద ఓడకి ఈ కొసనించి ఆ కొసకి తోరణంలాగా కట్టేరు."

"నిజమేనా? నీ మాట నమ్మి మొన్న ఉప్పు మిగులుతాదని పులుసులో సముద్రపు నీళ్ళు పోసేను."

"అమ్మ మీదొట్టు."

అది నిజమే. నేను జన్మలో ఆడిన కొద్దిపాటి నిజాల్లో అదొకటి.

ఆ గుట్టలో ఒక్క జెండాకి మాత్రం గళ్ళూ చారలూ లేవు. వట్టి పసుపు గుడ్డ, ఎండకి వెలిసిపోయింది. వదిన దాన్ని తీసి చెంపకి ఆనించుకుంది. మావాళ్ళకి గడపకైనా, పడవకైనా, పెళ్ళికూతురికైనా ముందు పెట్టేది పసుపే. కాబట్టి అన్నిటికంటే పైన కట్టాల్సింది ఏదో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. కొమ్ములు దంచి, పసుపునీళ్ళలో ఆ గుడ్డని రెండు రోజులు నానబెట్టింది. ఇంటి పక్క పొడుగాటి వెదురు పాతాం. నేను ఎగబాకి, పసుపు జెండా కొసన కట్టి, మిగతావి కింద వరసగా వేలాడదీశాను. కోరంగి దాకా కనపడుతుందని నేనే గొప్పలు చెప్పాను.

మూడో మాఘం వచ్చింది. తండేలు పల్లంరాజు తన ఓడ తోలుకుని రంగం నుంచి బయల్దేరాడని కబురు. మనవాళ్ళు అయిదుగురు ఎక్కారట. ఎవరెవరో తెలియదు. వదిన ఆ రోజు పింగాణీ పువ్వుల్ని ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచింది. ఈసారి కూడా రాకపోతే పుట్టింటికి వెళ్ళిపోతానని అమ్మతో అంది. నాకు వినపడింది.

రెండు రోజుల తరవాత పొద్దున పోటు మీద ఓడ మొగలోకి వచ్చింది. ఊరు ఊరంతా రేవులోనే ఉంది. ఆడవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. తెరచాపలు పొంగి ఉన్నాయి, నీళ్ళు లోపలికే తోస్తున్నాయి. సరిగ్గా అప్పుడు చాపలు దబదబా దిగిపోయాయి. లంగరు పడింది. ఓడ మొగలోనే ఆగిపోయింది.

"పోటు మీదుండగా లంగరేత్తారేంటి?" అంది మా అమ్మ.

"దిగేవోళ్ళు లేరేమోనే," అంది పాపాయత్త.

వదిన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇంతలో ఓడ మీంచి ఒక మూట నీళ్ళలో పడింది. మూటకి చేతులు వచ్చాయి. అది ఈదడం మొదలుపెట్టింది. పోటు తోస్తుంటే రాయి విసిరినట్టు వచ్చి ఒడ్డుకి పడి, లేచి పరిగెత్తింది. మా అన్న! అమ్మ "ఒరే సత్తియ్యా!" అంటూ చేతులు చాచింది. ఆ చేతుల పక్కనుంచే దూసుకుపోయాడు. నన్ను తోసేశాడు. పాపాయత్త గుమ్మం దాటేశాడు.

"తలుపులమ్మా! తలుపులమ్మా!"

రేవు రేవంతా నోరు తెరిచింది. మా ఊళ్ళో మగవాడికి పెళ్ళాం అంటే ఏమే, ఒసే, ఇదిగో. నలుగురిలో పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. మా అన్న వీధంతా వినపడేలా పిలుస్తున్నాడు.

గుమ్మానికి తల కొట్టుకుని లోపలికి పడ్డాడు. మేమంతా వెనకాలే చేరాం. వదిన గుండ్రటి అద్దం దగ్గర కూర్చుని ఉంది. చేతిలో అద్దం తుడుస్తున్న తడిగుడ్డ ఉంది.

"ఎవరికొచ్చిందే? నీకా? అమ్మకా?"

"ఏం రావడం?"

"జాడ్యం! వాంతులూ భేదులూ!"

"ఎవరు చెప్పేరు?"

"నువ్వే చెప్పేవు! నడినెత్తిన పసుపు జెండా కట్టి మరీ చెప్పేవు!"

అప్పుడు తెలిసింది సంగతి. రంగం నుంచి మదరాసు దాకా ఏ రేవులోనైనా పసుపు జెండాకి ఒకటే అర్థమట. ఇక్కడ జాడ్యం ఉంది, ఎవరూ దగ్గరికి రావద్దు అని. పల్లంరాజు అది చూసి, మొగలిపాలెం తుడిచిపెట్టుకుపోయిందనుకుని లంగరు వేయించాడు. కాకినాడ పోదామన్నాడు. మా అన్న అతని దుర్బీను లాక్కుని చూశాడు.

"గోడ నిండా పగిలిన పళ్ళేలు. గుమ్మంలో చెప్పులో పూలచెట్టు. అలాంటి పని చేసేది ఈ పరగణాలో ఇంకెవరున్నారు? జాడ్యం మనింటికే వచ్చిందనుకున్నాను." అతని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"అయితే రేవులోంచి మనిల్లు తెలిసిందాండీ?" అంది వదిన. ఈ అండీ వేరే రకం.

"తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ తెలవలేదా?"

మా అన్న తల దించుకున్నాడు. "ఏ మొహం పెట్టుకుని రాను? పాపాయత్త ఇంట చద్దన్నం తిన్నోడని ఊళ్ళు ఊళ్ళే నవ్వుతా ఉంటే. ఇంకా నవ్వుతున్నారా?"

"ఇంకానే," అంది వదిన.

అందరూ నావైపు చూశారు. ఆ చూపులు తట్టుకోలేక, జెండా దింపాలన్న వంకతో వెదురెక్కేశాను. రెండేళ్ళు ఆ ఇంటికి మనిషి లేకుండా చేసింది పాపాయత్త పుకారూ కాదు, రంగం గంధమూ కాదు, నా నోరు. వెదురు కొసన కూర్చుని ఆ ముక్క మింగడానికి కొంచెంసేపు పట్టింది. కింద మిగతా నలుగురి పెళ్ళాలూ మా మొగుళ్ళని తరిమేశావు కదరా అని నన్ను తిడుతున్నారు. పల్లంరాజు జెండా దిగడం చూశాడు గానీ అప్పటికి పోటు విరిగిపోయింది. మళ్ళీ నీళ్ళు ఎక్కేదాకా ఓడ రాదు. మా అన్న బట్టల పెట్టె కూడా ఓడలోనే ఉంది.

తడిసి వణుకుతున్న మనిషికి చుట్టుకోవడానికి చేతికందింది ఆ జెండాయే. వదిన దాన్ని నా చేతిలోంచి లాగి అతని మీద కప్పింది. పచ్చిపసుపు అతని భుజాలకీ, వీపుకీ, గడ్డానికీ అంటింది.

"వదినా, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టేసేవు," అన్నాను కొంచెం దూరంగా నిలబడి.

"పారిపో," అంది. నేను పారిపోలేదు. ఆవిడ కొట్టనూ లేదు.

చద్దన్నం పెట్టింది. మా అన్న నీలం పువ్వుల గోడకి ఆనుకుని ముద్ద నోట్లో పెట్టుకోబోతూ, ఒక్క క్షణం ఆగి, తలెత్తి ఎదురుగా ఎవరున్నారో చూసుకున్నాడు. గుమ్మంలోంచి పాపాయత్త అది చూడనే చూసింది.

"తిను నాయనా, తిను. ఈసారి ఇల్లు మీదే."

ముందు నవ్వింది మా అన్నే.