ఎక్కువసేపు ఆగే విమానం

2023 చలికాలం. దోహాలో ముషైరిబ్ మెట్రో దగ్గర ఒక చిన్న ట్రావెల్స్‌లో టికెట్లు తీసే పని నాది. అప్పుడు ఒక్క టికెట్టు మారడంతో ఓబులేసు పోగొట్టుకున్నవి ఇవి: పనిచేసే ఇంటి మేడమ్‌ను నెల ముందు నుంచి బతిమాలి తీసుకున్న ఒక రోజు సెలవు, కూతురి కోసం బుక్ చేసిన హోటల్ గది, స్నేహితుణ్ణి అడిగి పెట్టుకున్న కారు. టికెట్ డబ్బు మాత్రం ఒక్క రియాల్ కూడా పోలేదు.

ఓబులేసుది కడప జిల్లా. దోహా పక్కనే ఉన్న అల్ రయ్యాన్‌లో ఒక ఇంట్లో డ్రైవర్. కూతురు శిరీష పోర్చుగల్‌లో ఎమ్మెస్ చదువుతూ, ఒక సెమిస్టర్ కోసం పక్క దేశం స్పెయిన్‌కు వెళ్తోంది. సెలవులకు ఊరొచ్చింది, హైదరాబాద్ నుంచి దోహా మీదుగా మాడ్రిడ్ పోవాలి. ఆమెకు సెలవులున్నప్పుడు ఈయనకు దొరకవు. మూడేళ్ళుగా ఒకరినొకరు చూసుకోలేదు.

"ఎక్కువసేపు ఆగేది ఇయ్యన్నా," అన్నాడు.

"అందరు జల్ది పొయ్యేది అడుగుతరు. నువ్వేందే ఉల్టా?"

"ఆ బిడ్డ ఈడ ఎంతసేపుంటే అంత."

మధ్యలో ఆగే సమయాన్ని మేం లేఓవర్ అంటాం. దాన్ని తగ్గించడమే మా పనితనం. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఈ లెక్కలన్నీ కౌంటర్లో కూర్చునే నేర్చుకున్నాను. పెంచడానికి లెక్క వెయ్యడం అదే మొదలు. ఇరవై గంటలది దొరికింది. హోటల్ బుకింగ్ చూపిస్తే ఇక్కడే వీసా ఇస్తారు, ఆమె ఎయిర్‌పోర్టు బయటికి రావచ్చు.

బయల్దేరే ముందు వారం షెడ్యూల్ ఛేంజ్ వచ్చింది, అంటే ఎయిర్‌లైన్ విమానం వేళ మార్చింది. శిరీషను హైదరాబాద్ నుంచి తర్వాతి విమానంలో వేశారు. లేఓవర్ రెండు గంటలైంది. వేరే ఎవరైనా అయితే సంతోషించేవారు. బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోవడానికి అది చాలదు. అక్కణ్ణుంచి ముందు రోజు విమానం నిండిపోయింది. మాడ్రిడ్‌కు మర్నాటి విమానంలో సీటుంది గానీ, యూనివర్సిటీలో రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది.

"ఒద్దులేన్నా. దాని సదువు చెడగొడ్తానా?" మళ్ళీ తనే అడిగాడు. "అద్దాల్లోంచన్నా కనపడ్తాదా?"

"కనపడదే. నడుమ అన్నీ గోడలే."

అయినా ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. వచ్చేవాళ్ళ కోసం కాచుకునే హాల్లో బెంచీ మీద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడాడు.

"నాయనా, స్పెయిన్లో నాయన్ని పాపా అంటారంట."

"ఓసినీ! మరి నిన్నేమని పిల్చాల నేను?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే బోర్డింగ్ మొదలైంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆయన లేవలేదు.

"ఇంతసేపూ ఒకే కప్పు కింద ఉండాం గదన్నా," అన్నాడు.

సెమిస్టర్ అయ్యాక శిరీష స్పెయిన్ నుంచి బస్సులోనే పోర్చుగల్ వెళ్ళింది. చదువు ముగిసి అక్కడే ఉద్యోగంలో చేరింది. దోహా మీదుగా మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఎవరికైనా ధర చెప్పేముందు ఒకటి అడుగుతాను: "దారిలో మీవాళ్ళెవరన్నా ఉన్నారా?" అది ఓబులేసు టికెట్టే నేర్పింది. ఫోన్లోనే గడిచిన ఆ రెండు గంటల లేఓవర్‌ను నేను ఇరవైలోంచి తీసెయ్యలేదు. ఆయనకు ఇరవై గంటలూ ఇంకా రావాలి.