సరదా పాటలో నేను కనిపెట్టిన దుఃఖం

"అమ్మాయీ, ఇది వదినను ఆటపట్టించే పాట కదా. మరి ఈ ఏడుపేంటమ్మా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

గుంటూరులో కాలేజీల జానపద గీతాల పోటీ. మైకు ముందు నిలబడ్డ సువార్తను న్యాయనిర్ణేత అడిగిన ప్రశ్న ఇది. హాలంతా గొల్లుమంది. సువార్త తల తిప్పి మూడో వరసలో కూర్చున్న నా వంక చూసింది. ఆ చూపుతో పొయ్యి వెలిగించుకోవచ్చు.

ఎందుకంటే ఆ ఏడుపు నేను నేర్పిందే. సంగీతం గురించి ఒక మనిషి ఎంత తెలివిగా మాట్లాడి ఎంత నాశనం చేయగలడో తెలుసుకోవాలని ఉంటే ఇలా వచ్చి కూర్చోండి, చెబుతాను.

పత్రికలో కచేరీల సమీక్షలు రాసి రాసి రిటైరైన కొత్తలో, ప్రత్తిపాడు దగ్గర ఒక కాలేజీవాళ్లు పిలిచారు. పాట విని, ఆలోచించి, దాని గురించి మాట్లాడటం పిల్లలకు నేర్పాలట. పొంగిపోయాను. మొదటి రోజే బల్ల గుద్ది చెప్పాను.

"'సూపర్', 'బోర్' అనే మాటలు ఈ గదిలో వినపడకూడదు. ఏం విన్నారు? ఎక్కడ కూర్చుని విన్నారు? ఎందుకలా అనిపించింది? ఇవి చెప్పలేనివాళ్లు నోరు మూసుకోండి."

పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. రాసుకోనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సువార్తను పాడమన్నాను. పోటీకి వెళ్లాలని ఆ పిల్ల తహతహ. గెలిస్తే రాష్ట్రస్థాయికి పంపుతారు. ఊరు దాటి నలుగురి ముందు పాడటానికి ఆమెకున్న దారి అదొక్కటే. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న వదినా మరదళ్ల పాట ఎత్తుకుంది. పల్లవి హాయిగా సాగింది. చరణంలోకి వచ్చేసరికి గొంతు వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చూద్దును కదా, ముందు బెంచీ కళ్లు తుడుచుకుంటోంది, వెనక బెంచీ ముక్కు చీదుతోంది. ఎంత పెద్ద విద్వాంసుడు పాడినా గుమ్మడికాయలా కూర్చున్న చరిత్ర నాది. ఆ రోజు నేనూ రుమాలు తీశాను!

ఇంక ఆగుతానా?

"చూశారా! పైకి వేళాకోళం. లోపల? అత్తింట్లో ఒంటరిదైపోయిన ఆడపిల్ల గుండెకోత! గొంతు విరిగిన చోటే అసలు పాట మొదలైంది!"

"అవునండి" అన్నారు పిల్లలు ముక్కులు తుడుచుకుంటూ.

"మీకెందుకు కన్నీళ్లొచ్చాయి? ఆలోచించండి! విశ్లేషించండి!"

వెనక బెంచీలోంచి వెంకటేశు లేచాడు. "సార్, ఆ కిటికీ..."

"కిటికీ సంగతి తర్వాత! ముందు కరుణరసం సంగతి చెప్పు!"

పాపం, కూర్చున్నాడు.

ఆనాటి నుంచి పోటీ దాకా సువార్తతో పాట కాదు, ఆ వణుకే సాధన చేయించాను.

"రావట్లేదండి సార్."

"వస్తుంది. ఆ రోజు ఏం తలుచుకుని పాడావో అదే తలుచుకో."

"ఏమీ తలుచుకోలేదండి."

"అదే గొప్పతనం! నీకే తెలియకుండా పొంగుకొచ్చింది!"

చివరికి ఎలాగో తెప్పించింది, ఎక్కిళ్లతో సహా. ఫలితం మీరు మొదట్లోనే చూశారు.

పోటీ అయ్యాక హాలు మెట్ల మీద నిలబడి నిప్పులు కక్కాను. "వీళ్లవి చెవులా, చేటలా? ఆ రోజు మన క్లాసులో కూర్చుని వినుంటే తెలిసేది!"

"క్లాసులో కూర్చునుంటే వాళ్లూ ఏడ్చేవాళ్లేనండి" అంది సువార్త. "కిటికీ పక్క కల్లంలో గోతాల్లోకి మిరపకాయలు తొక్కుతున్నారు. గాలి మనవైపే కొట్టింది. దగ్గు ఆపుకుంటూ పాడాను."

మిరప ఘాటు సంగతి నాకేం తెలుసు? మాది పొన్నూరు వైపు, వరి పొలాల ఊరు. పైగా పొడుం పీల్చి పీల్చి నా ముక్కు నాకంటే ముందే రిటైరైంది.

"మరి ఒక్కళ్లైనా చెప్పి చావరేం!" అని అరిచాను.

"వెంకటేశు చెప్పబోతే మీరు కూర్చోబెట్టారు. 'ఎక్కడ కూర్చుని విన్నారు' అని రాయించింది మీరే కదండీ?" అంది. మెట్లు దిగుతూ, "మీరంత బాగా చెబుతుంటే నాక్కూడా నమ్మబుద్ధేసింది సార్. నా గొంతులో నిజంగానే అంత ఉందేమోనని" అంది.

ఒళ్లు మండిపోయింది. గొళ్లెం లేని కిటికీ మీద, క్లాసు టైములోనే కాయలు తొక్కించిన రైతు మీద, గాలి మీద, కళ్లు తుడుచుకుంటూ "అవునండి" అన్న పిల్లలందరి మీద కోపం. ఊరంతా తిరిగి ఆ కోపం నా నెత్తి మీదకే వచ్చి కూర్చుంది. ఇంతవరకూ దిగలేదు.

అందుకని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కిటికీలన్నీ మూయించి, చుట్టుపక్కల కల్లాలన్నీ వాకబు చేసి, వెనక బెంచీవాడు చెప్పేది ఆసాంతం విన్న తర్వాతే ఏ పాటలోనైనా దుఃఖం ఉందంటాను.

సువార్త ఇప్పుడు పర్చూరులో టీచరు. ఆదివారాలు చర్చిలో పాడుతుందట. బాగా పాడుతుందా అని మొన్న ఒకరు నన్నడిగారు. ఆ పోటీ తర్వాత ఆమె నా ముందు పాట ఎత్తుకోలేదు. నేను విన్నది మిరప ఘాటులో ఒకసారి, నేను పెట్టించిన ఏడుపుతో మిగతా అన్నిసార్లూ. ఆ చరణం ఆమె నవ్వుతూ పాడితే ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు.