పెద్దమ్మ ఒక్కపొద్దులు, నా విరాటపర్వం

విరాటపర్వం చదివితే వానలు పడతాయని నమ్మేవాళ్లు మా ఇబ్రహీంపట్నంలో ఇంకా ఉన్నారు. ఆ సంగతి తెలిసే, ఓ వారపత్రిక సీరియల్ కోసం పాండవుల అజ్ఞాతవాసాన్ని తెచ్చి హైదరాబాద్‌లో పెట్టాను. భీముడు బిర్యానీ హోటల్లో వంటమాస్టరు. ద్రౌపది బ్యూటీపార్లర్‌లో పనికి కుదిరింది. అర్జునుడు మన్నెగూడలో ప్రైవేటు బడి పిల్లలకు డాన్సు నేర్పుతాడు. కీచకుడు ప్లాట్ల వ్యాపారి. మా చుట్టుపక్కల చేలన్నీ హద్దురాళ్లు పాతిన ప్లాట్లవుతున్న రోజులు కాబట్టి పాఠకుల్లో వాడికే గిరాకీ ఎక్కువ.

అందుకని వాణ్ని చంపబుద్ధి కాలేదు. ఆషాఢంలో చావాల్సినవాణ్ని శ్రావణమంతా సాగదీశాను. ఎడిటర్ మెచ్చుకుంటే ఉబ్బిపోయాను కూడా.

మా వెనకింట్లో చేపలు పట్టి బతికే పెద్దమ్మ, పెద్దబాపు ఉండేవాళ్లు. పెద్ద చెరువు ఎండి ఏళ్లయింది. వల అటకెక్కించి, తుర్కయాంజాల్‌లో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోదామని పెద్దబాపు పట్టుబట్టాడు. పెద్దమ్మ అడ్డం పడింది.

"ఈయేడు జర ఆగు. చెరువు నిండితే మన బతుకు మనకుంటది," అనేది. ఏ ధైర్యంతో ఆగమంటోందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఆమె కళ్లు తిరిగి పడిపోయిందని, దవాఖానలో సూది వేయించి తెచ్చారని విని చూడబోయాను. గడపలోనే కోడలు నామీద లేచింది.

"నీ సీరియలెప్పుడొడుస్తదక్కా? పర్వం ఒడిసేదాక ఒక్కపూటే తింటనని, నీసు ముట్టనని మొక్కుకున్నది అత్త. వారం వారం దీపం వెట్టి నాతోని చదివిచ్చుకుంటున్నది!"

కీచకుడికి నేను కొత్త కారు కొనిపెట్టిన వారం కూడా ఆమె ఒంటిపూటే తిన్నదన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. "పెద్దమ్మా, అది అసలు పర్వం కాదు. నేను కల్పించి రాసిన."

"అసలుది గూడ ఎవరో ఒకలు రాసిందే గద బిడ్డా. కీచకుడు సచ్చిండా? ఆవులు మళ్లినయా? గది చెప్పు."

మిగతా కథ అక్కడికక్కడే చెప్పాను, ఏ మలుపులూ పెట్టకుండా. కీచకుడు చచ్చాడు, ఆవులు మళ్లాయి, గడువు తీరింది, అందరూ బయటపడ్డారు, ఉత్తర పెళ్లయింది. పడుకునే చేతులు జోడించి వింది. తర్వాత లేచి కూర్చుని కోడలు పెట్టిన అన్నం తింది. తింటున్నంతసేపూ ఆమె మొహం చూడలేకపోయాను.

ఆ వారమే పత్రికలో సీరియల్ ముగించాను. ఎడిటర్ చిరాకుపడ్డాడు. వాన మాత్రం రాలేదు. దసరా వెళ్లాక పెద్దబాపు మాటే నెగ్గింది, ఇద్దరూ అపార్ట్‌మెంటు మెట్ల కింది గదికి బయలుదేరారు. ఆటోలో సామాను ఎక్కించడానికి నేనూ ఓ చెయ్యి వేశాను. నాలుగు తిట్లు తిడితే బాగుండు అనిపించింది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే బిడ్డా. ఒక్కపొద్దుల ఒకనాడు ఆకలికి ఆగలేక చాయ్‌ల బిస్కట్ ముంచుకొని తిన్న. గందుకే వాన పడలే. నీ రాతల ఏం వంక లేదు."

కాదని చెప్పాల్సింది. ఊఁ కొట్టాను.