చేపనూనె పూసిన మోటార్‌సైకిల్

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను బడిలో పిల్లలకు హిందీ చెబుతున్నాను. "మీ మామ లెయ్యలేదు పాపా" అంది, అంతే. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ల పల్లెకు ఆటోలో చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. చెప్పులు విప్పుతుండగా షామియానా కింద ఎవరో నవ్వు బిగబట్టుకుని అడగడం వినబడింది. "ఇంతకీ ఆ మస్కట్ బండి వచ్చినాదా, లేదా?" పక్కవాడు జవాబుగా ముక్కు మూసుకుని చూపించాడు. ఇద్దరూ కిసుక్కుమన్నారు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. ఆయన గురించి ఊరికి గుర్తున్నది ఆ వాసన ఒక్కటే అయితే, మిగతాది నేనే చెప్పాలి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పడవల మీద పెరిగినవాడు. సరస్సులో చేపలు తగ్గాక మస్కట్ వెళ్లి, అక్కడి చేపల రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే పనిలో చేరాడు. సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటి ముందు ఎవరి బండి ఆగినా సరే, వంగి టైరును బొటనవేలితో నొక్కి చూసేవాడు. గాలి తక్కువుంటే బండాయన్ను కాఫీ కూడా తాగనిచ్చేవాడు కాదు. "గాల్లేని బండి మీద పెళ్లాన్ని ఎక్కించుకుంటావా అబ్బయ్యా?" అని కసిరేవాడు. నాకు స్కూటీ నేర్పింది కూడా ఆయనే. "భయమేస్తే నిలుపు. సిగ్గేస్తే మాత్రం నిలపబాక" అనేవాడు. ఆ మాట బడిలో చేరిన కొత్తలోనూ నాకు పనికొచ్చింది. ఇంత చెప్పిన మనిషికి, తన పెళ్లాన్ని ఎక్కించుకోవడానికి మాత్రం బండి లేదు.

చివరికి మస్కట్‌లో తన సూపర్‌వైజర్ వాడిన మోటార్‌సైకిల్ కొన్నాడు. ఆ రోజు మాకు వీడియో కాల్ చేసి, బండి మీదున్న చిన్న రేకు చదివి వినిపించాడు. అది తయారైంది మద్రాసు అవతలి ఫ్యాక్టరీలో. మా ఊరి నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే చోటు. "ఇది మన పక్కూరిదే పాపా! నా మాదిరే పొట్ట చేతబట్టుకోని వచ్చినాది. వచ్చేటప్పుడు దీన్నీ తోడుకోనొస్తా" అన్నాడు. అప్పట్నుంచి అత్తతో మాట్లాడేటప్పుడు బండి పక్కనే నిలబడి, వెనక సీటు కనబడేలా ఫోను పట్టుకునేవాడు. సరస్సు మధ్యలో పోయే రోడ్డు మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం తిరగాలి. ఆయన కోరిక అంతే.

అక్కడే అమ్మేసి ఇక్కడ కొత్తది కొనుక్కోమని అందరం చెప్పాం. "ఆమెకి చూపించింది దీన్ని. ఇంకోటి తెస్తే అబద్ధమాడినట్టు కాదా?" అన్నాడు.

మన దేశంలో పుట్టిన బండే అయినా ఒకసారి సముద్రం దాటిపోతే అది విదేశీ బండేనట. పక్కనే రేవులున్నా, పాత బండి పడమటి కోస్తాలోని ఒక రేవులోనే దిగాలట. మామ అన్నిటికీ తలూపాడు, అడిగిన కాగితమల్లా ఇచ్చాడు. ఒక్క తప్పు చేశాడు. ఓడెక్కించే ముందు బండికంతా చేపనూనె పూశాడు.

మా పల్లెల్లో పడవను ఒడ్డుకు లాగాక, కవళ్లనే చేపలు ఉడికించి తీసిన నూనె చెక్కకు పట్టించేవారు. ఉప్పుగాలికి పాడవదని, పురుగు పట్టదని. బండి కూడా సముద్రం మీదే వస్తోంది కదా అని ఆయన చక్రాల పుల్లలతో సహా వదలకుండా పూశాడు. మూసిన కంటైనర్లో, ఆ ఉక్కలో, అదెట్లా మాగిందో చెప్పనక్కర్లేదు. తలుపు తీసినవాళ్లకు వాంతులయ్యాయట. జంతువుల సరుకేదో దాచి తెచ్చారని బండిని పక్కన పెట్టారు. నూనెను పరీక్షకు పంపాలన్నారు. ఎవరు పంపాలో మాత్రం తేలలేదు.

మామ ఉద్యోగం మానుకుని ఇల్లు చేరినా బండి కదల్లేదు. హిందీ వచ్చు గనక ఫోన్లు నేనే చేసేదాన్ని. బండి విడిపించాల్సిన ఏజెంటు గొంతు తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. "ఓ, మీ చేపల బండా?" అని ప్రతిసారీ ఇకిలించేవాడు. సారు భోంచేస్తున్నారు. సారు సెలవులో ఉన్నారు. సారు మారిపోయారు. కుళ్లిన చేపలు పెట్టిన బుట్టనైనా కడిగి ఎండబెట్టుకోవచ్చు, ఆ ఆఫీసును ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆఖరికి కబురొచ్చింది. బండిని ఇవ్వరు, తుక్కు కింద కొట్టేస్తారు. కావాలంటే ముందే వచ్చి ఒకసారి చూసుకోవచ్చు.

"నేనూ వస్తా" అంది అత్త. ముగ్గురం వెళ్లాం.

రేవు బయట పెద్ద యార్డు. ఎటు చూసినా మురుగు, ఉమ్ములు, చచ్చిన ఎలుకలు. పట్టుకున్న బండ్లన్నీ తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. మామ బండికి మాత్రం ఎక్కడా తుప్పు లేదు. దాని కంపుకు కాపలావాడు ముక్కుకు రుమాలు కట్టుకుని, దూరం నుంచే తాళంచెవి విసిరి, అదిగో అని చెయ్యి చూపించాడు. మామ టైరు నొక్కి "పర్లేదులే" అన్నాడు. గాలి తక్కువున్నా ఆయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

బయట ఒక ఆటో అతన్ని బతిమాలి సీసాలో పెట్రోలు తెచ్చి పోశాడు. తన్నగా తన్నగా బండి స్టార్టయింది. అత్త ఎవరినీ ఏమీ అడగలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక ఎక్కి కూర్చుని, ఆయన భుజం పట్టుకుంది. బండి గేటు దాకా వెళ్లింది. గేటు తీసే ఉంది. కంపు భరించలేక అక్కడి మనుషులు కూడా తప్పుకున్నారు.

"ఎవురూ లేరయ్యా, పోనీ!" అంది అత్త.

"పో మామా!" అని నేనూ వెనక నుంచి అరిచాను.

ఆయన కాలు ఆనించి ఆపేశాడు. "దొంగతనంగా తీసకపోతే, ఇది నాది కాదని నేనే ఒప్పుకున్నట్టు కదమ్మే" అన్నాడు అత్తతో. బండి తిప్పుకొచ్చి, తీసిన చోటే స్టాండు వేసి, తాళంచెవి తెచ్చి కాపలావాడి చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మమ్మల్ని ఇన్నాళ్లూ కాల్చుకుతిన్నవాళ్లు కుర్చీల్లో హాయిగా ఉంటే, ఈయనకెందుకీ నిజాయితీ? ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అంత గట్టి మనిషిని నేను మళ్లీ చూడనూ లేదు.

తిరుగు రైల్లో జనరల్ బోగీ కిక్కిరిసి ఉంది. అత్త చీరకూ మామ ప్యాంటుకూ ఆ నూనె అంటుకుంది. రైలు ఊరు దాటకముందే చుట్టూ గొణుగుడు మొదలైంది. ఒకాయన మామ మొహం మీదే "ఛీ" అని లేచిపోయాడు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పిల్లల్ని లాక్కుపోయింది. ఒక్కొక్కరే లేచి వెళ్లగా, పొడుగాటి సీటు మొత్తం వాళ్లిద్దరికే మిగిలింది. ఎదుటి సీట్లో నేను కూర్చున్నాను. కావలసినంత చోటున్నా అత్త పక్కకు జరగలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని, కిటికీలోంచి కొట్టే గాలికి కళ్లు మూసుకుంది. మామ ముందుకే చూస్తూ, ఆ చెయ్యి జారకుండా, కదలకుండా కూర్చున్నాడు.